తూటాల అర్జీ

షార్జా,
ఇండస్ట్రియల్ ఏరియా.

సర్వర్‌కు సలాములు.

అల్లా దయవల్ల నేను బాగున్నాను. నువ్వు, మన పిల్ల ఫైజా, అమ్మీ ముగ్గురూ కులాసాగా ఉన్నారనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పేసరికి మిగతా సగం నువ్వే చెప్పేసి పెట్టేస్తావు. అందుకే సెలవు మీద ఊరికొస్తున్న మా గది హిదాయతుల్లా చేతికి, నువ్వు పంపిన అర్జీతో పాటు దీన్నీ ఇస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. గ్యారేజీలో వేడి తగ్గలేదు. కూరలో నూనె తగ్గించాను, కావాలంటే హిదాయతుల్లాను అడుగు, తిట్టుకుంటూ తింటున్నాడు. రంజానుకు సెలవు అడిగితే మా ముదీర్, అదే మేనేజరు, "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అన్నాడంటే ఇక ఖలాస్ అని నీకూ తెలుసు.

నువ్వు తహసీల్దారు ఆఫీసు ముందు మాట్లాడిన వీడియో ఇక్కడున్న మన మండలం వాళ్ళందరూ చూశారు. "సార్, ఏడాదికి ఇన్నే తూటాలంటిరి. పేలిన తూటా గుల్ల తెచ్చిస్తేనే కొత్తది అంటిరి. చీకట్లో మంచె మీద నుంచి జారిన గుల్లను శెనక్కాయ చెట్లల్లో యాడని ఎతికేది? మీ లెక్క అడవి పందులకెట్ల తెలుస్తాది సార్?" అని నువ్వు అడుగుతుంటే మా గదిలో చప్పట్లు కొట్టారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. మా నాన్న పోయాక ఆయన తుపాకీ లైసెన్సు నీ పేరుకు మారినప్పుడు, నీకంటే తుపాకీయే పొడుగని ఆటపట్టించింది నేనే కదా.

శుక్రవారం నమాజు తర్వాత అందరూ మా గదికే వచ్చారు. చేలు అక్కడా, మనుషులు ఇక్కడా ఉన్నవాళ్ళే అందరూ. తూటాలు తగ్గించే ఈ చట్టం మాకొద్దని నువ్వు రాసిన అర్జీ చదివి వినిపించాను. ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. నేను మాత్రం పెట్టలేదు. బిర్యానీ చూసుకోవాలని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇక్కడే నీకు చెప్పాల్సింది ఉంది. కోపం వచ్చినా చివరిదాకా చదువు. తూటాలు తగ్గించారని విన్న రోజు నేను సంతోషించాను. తూటాలు లేకపోతే నువ్వు రాత్రిళ్ళు చేను కాపలాకు వెళ్ళవనుకున్నాను. అడవి అంచున ఆ మంచె మీద నువ్వొక్కదానివే కూర్చున్నావని తలుచుకుంటే ఇక్కడ నాకు అన్నం సయించదు సర్వర్. వెళ్ళొద్దని నీకు చెప్పే ధైర్యం లేక, ఆ మాట ప్రభుత్వం చేత చెప్పిద్దామనుకున్నాను.

నా వెనకే వచ్చిన హిదాయతుల్లా గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఏం భాయ్, నువ్వే సంతకం పెట్టకుంటే ఎట్ల? మీ ఇంట్లో ఆమె గాల్లోకి ఒక్క తూటా పేలిస్తే మా చేన్లో పందులు గూడా పారిపోతాండాయి. తూటా లేదని ఆమె ఇంట్లో పండుకుంటాది అనుకుంటివా? కట్టె పట్టుకొని పోతాది."

వాడన్నది నిజమే. పోయిన పంటకు తూటాలు అయిపోతే, నువ్వు రేకు డబ్బా మోగించుకుంటూ తెల్లారేదాకా చేలో తిరిగావట. నువ్వు చెప్పలేదు, ఫైజా చెప్పింది. ఆ సంగతి తెలిసి కూడా నేను ఆ చట్టాన్ని చూసి సంతోషపడ్డాను. చేతిలో ఉన్న ఆ ఒక్క ఆసరా పోతే నువ్వు ఉత్త చేతులతో పందులకు ఎదురుపడతావని నా బుర్రకు తట్టలేదు.

ఈ గొడవలో బిర్యానీ అడుగంటింది. యల్లా, సంతకం పెట్టు అని అందరూ నవ్వుతుంటే వచ్చి పెట్టాను. అన్నిటికంటే కింద ఉన్నది నాదే. పోరాటం మానొద్దు.

నాకు ఒక్కటి చేసిపెట్టు. మంచె ఎక్కగానే బోటిమ్ యాప్‌లో నాకు ఫోన్ చేసి, పెట్టేయకుండా జేబులో వేసుకో. మాట్లాడక్కర్లేదు. నువ్వు దిగేదాకా నేను ఇక్కడ వింటూ మేలుకునే ఉంటాను. ఛార్జింగ్ అయిపోకుండా హిదాయతుల్లా చేత పవర్ బ్యాంకు పంపుతున్నాను. తుపాకీ పేల్చే ముందు మాత్రం ఒక్క మాట చెప్పి పేల్చు. లేకపోతే ఇక్కడ నా ప్రాణం పోతుంది.

ఇట్లు,
నీ
ఫైజా అబ్బా