పలక మీద మిగిలిన బిళ్ళ

1998 శ్రావణం, బుధవారం

నా కొడుకు రాజు బతికి వచ్చాడు. ఈ మాట ఎన్నిసార్లు రాసుకున్నా తనివి తీరడం లేదు.

బంగారు గనిలో రాళ్లు కూలాయన్నారు. దిగినవాళ్ల పేర్ల బిళ్ళలు పైన పలకకు వేలాడుతుంటాయి, తిరిగొచ్చినవాళ్లు తీసుకుంటారు. సాయంత్రానికి రాజు బిళ్ళ ఒక్కటే మిగిలింది. చీకటి పడ్డాక రాళ్లు తొలగించి వాణ్ణి పైకి తెచ్చారు.

"దుమ్ము నా కండ్లల్లో పడితే నీళ్లు నీకు కారుతాండాయేమి నాయనా?" అని నవ్వాడు.

"ధర్మవరం పోయి మగ్గం నేర్చుకో రాజా."

"రేపు మళ్లా దిగల్ల నాయనా."

నేను దిగిన రోజుల దుమ్ము ఇంకా నా దగ్గులోనే ఉంది.

వాడు నిద్రపోయాడు. బిళ్ళ లేనివాణ్ణి గనిలోకి దించరు. వాడి జేబులోంచి తీసి నా మొలతాడుకు కట్టుకున్నాను. పొద్దున వెతుక్కుంటాడు. వెతకనీ.