అమ్మ తెల్ల చీర

మంగళవారం, రేపల్లె

ఒళ్లు మండిపోతోంది. ఆ స్కూలు కరస్పాండెంట్ మీదో, నా మీదో తేలడం లేదు.

తెనాలి స్కూల్లో లెక్కల టీచర్ ఇంటర్వ్యూకి నీలం చుడీదార్ ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "మంచి పనికి వెళ్తూ ఆ మామూలు బట్టలేంటే?" అని, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం సంస్కారంగా తీసుకునే ఆదివారాలు మాత్రమే తను కట్టుకునే తెల్ల చీర తెచ్చి ఇచ్చింది. మా ఇంట్లో అంతకన్నా మంచి చీర లేదు మరి.

ఆయన నా ఫైలు తెరవనైనా తెరవలేదు. చీర వైపు చూసి, "ఏంటమ్మా, ఇంట్లో ఎవరన్నా పోయారా? ఇలా తెల్ల చీరతో క్లాసుకొస్తే పేరెంట్స్ ఏమనుకుంటారు?" అన్నాడు. పక్కనున్న మేడం నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. బీఎడ్‌లో ఎన్ని మార్కులొచ్చాయో అడగొచ్చుగా! బోర్డు మీద ఒక లెక్క చేసి చూపించమనొచ్చుగా!

ఈ మాటలే ఆయన మొహం మీద అనాల్సింది. నేనేమన్నాను? "మా అమ్మ కట్టుకోమందండి. ఆవిడకి ఇవన్నీ తెలీవండి" అన్నాను. ఛీ. నన్ను చదివించడానికి ఎండలో వంగి నాట్లేసిన మనిషి. వాళ్లు నవ్వుతుంటే ఆవిణ్ణే చూపించి తప్పించుకున్నాను.

ఇంటికి రాగానే, "చీర చూసి ఏమన్నారే?" అని అడిగింది.

"చాలా బాగుందన్నారమ్మా."

ఎంత మురిసిపోయిందో! గురువారం బాపట్లలో ఇంకో ఇంటర్వ్యూ ఉందని, అప్పుడే ఆ చీర ఉతికి, గంజి పెట్టి ఆరేసింది.