జైరాం గారి కొలువుపై అభ్యంతరం

విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ గారి సముఖమునకు, జూలూరుపాడు వాస్తవ్యుడు, డిగ్రీ కళాశాల గెస్ట్ లెక్చరర్ జస్టిన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ప్రాచీన, మధ్యయుగ క్రైస్తవ తత్వశాస్త్ర అధ్యాపక పదవికి శ్రీ జైరాం గారిని ఎంపిక చేయుటపై అభ్యంతరం.

1. నేను ఉపదేశి కొడుకును. ఫాదర్ గారు రాని ఆదివారాల్లో మా నాయనే గుడిలో ప్రార్థన నడిపేవారు. లాటిన్ నేను సెమినరీలోనే నేర్చితిని. జైరాం గారు మా పక్క తండా వారు. వారింట బంజారాల గురువు సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెడతారు. వారికి లాటిన్ అక్షరాలు దిద్దించినది నేనే, మా అరుగు మీద.

2. ఇంటర్వ్యూలో ఇద్దరికీ ఒకటే ప్రశ్న: దేవుడు ఉన్నాడని మధ్యయుగ పద్ధతిలో నిరూపించండి. ఆ పద్ధతిలో ముందు ఎదుటివాడి వాదాన్ని వాడికన్నా బలంగా చెప్పి, తరువాత ఖండించవలెను. అనగా మొదటి మాటే 'దేవుడు లేడు' అని అనవలెను. క్లాసులో ఆ వాక్యం బోర్డు మీద వ్రాసి పిల్లలతో చదివిస్తాను గాని, నా నోటితో ఎన్నడూ అనలేదు. ఉపదేశి కొడుకు నోట ఆ మాట ఎట్లా వస్తుంది? నేరుగా ఖండనతో మొదలుపెట్టితిని. "మరి ఖండించేది దేన్ని?" అని కమిటీ వారు అడిగిరి. జైరాం గారు మాత్రం ఆ మాట గడగడా అనేసి, దేవుణ్ణి నిరూపించి, వారిచ్చిన టీ తాగి బయటికి వచ్చినారు.

3. ఇది అసూయ అని తమరు అనుకొనవచ్చును. అసూయే. కడుపు మండిపోవుచున్నది. మా అమ్మ అంతోనమ్మ కూడా జైరాం గారి పక్షమే. "ఏంది బిడ్డా, గట్ల మొఖం పెడ్తవ్? జైరాం చెప్తే నాక్కూడ సమజైతది. నువ్వు చెప్తే నిద్రొస్తది" అన్నది. కన్నతల్లి, అయ్యా!

4. పద్ధతి ప్రకారం జైరాం గారి వాదం కూడా బలంగా చెప్పవలసియున్నది. వారు కష్టపడి చదివినారు. అడిగినదానికి జవాబు చెప్పినారు. నేను చెప్పలేదు. దీనికి ఖండన ప్రస్తుతం తట్టుట లేదు, తట్టిన వెంటనే పంపుకొందును.

కావున సదరు నియామకం రద్దుచేసి, ఆ కొలువు నాకు దయచేయించుటకు ఈ మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జస్టిన్

మరొక మనవి: ఈ కొలువు పోతే హైదరాబాద్‌లో వేరే పని చూసుకుంటానని జైరాం అంటున్నాడు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఈ చదువు గురించి నాతో కొట్లాడేవాడు వాడొక్కడే సార్. అర్జీ అందినట్టు నాకు రసీదు ఇప్పించి, దీన్ని ఎక్కడో ఒక మూలన పడేయండి.