రాహుకాలానికి మూడు సెకన్ల గడువు

రాబర్ట్‌సన్‌పేట,
శుక్రవారం సాయంత్రం.

సౌభాగ్యవతి పవిత్రకు శుభాశీస్సులు.

భార్యాభర్తలు ముఖ్య విషయాలను ఫోనులో తేల్చుకోవడం క్రమవిరుద్ధమనీ, వాటికి కాగితం, తేదీ, సంతకం ఉండితీరాలనీ నా దృఢాభిప్రాయం. కనుక ఈ లేఖ. నేను క్షేమం, అమ్మ క్షేమం. నిన్న ఉదయం మూడు గంటలసేపు క్షేమంగా లేనిది క్యాసంబళ్ళి టమాటా మండీలోని నా సాఫ్ట్‌వేరు మాత్రమే. నేడు అదీ క్షేమం.

సాఫ్ట్‌వేరును ముక్కలు చేస్తే అది పని ఎలా చేస్తుందని చిత్తూరు నుంచి అడిగావు. టోకెను ఇచ్చేది ఒక సేవ, తూకం చూసేది మరొకటి, రైతుకు ధర మెసేజీ పంపేది ఇంకొకటి. ఒకదాన్ని మారిస్తే మిగతావి చెడవు. మండీ యజమాని శ్రీకంఠయ్యగారు రాహుకాలంలో వేలం కూడదన్నారు గనుక, ఆ వేళలు చెప్పే నాలుగో సేవనూ చేర్చాను. మిగతా మూడూ ప్రతి పనికి ముందు దాన్ని అడగాలి. అది పలకకపోతే ఏం చేయాలో మాత్రం నేను రాయలేదు.

నిన్న అది పలకలేదు. మూడు సేవలూ అత్యంత వినయంగా ఎదురుచూస్తూ నిలబడ్డాయి. బూదికోట నుంచి వచ్చిన రైతు వెంకటలక్ష్మమ్మ పెట్టెలు తూకం మీదే ఎండకు మెత్తబడ్డాయి.

“మిషను ఎవురినో అడగతా ఉండాదంట. నా టమాటా ఎవురిని అడిగి చెడల్ల?” అన్నదామె.

శ్రీకంఠయ్యగారు మరీ క్లుప్తంగా చెప్పారు: “రేపు గూడా నిలిస్తే చేత్తో రాసే పాత చీటీల పుస్తకమే ఇంగ. నీది నువ్వు ఎత్తుకపో అప్పా.”

రెండేళ్ల నా శ్రమకు అది ఒక్క రోజు గడువు.

ఇప్పుడు నేరాంగీకారం. నీ పాత ల్యాప్‌టాప్ బీరువాలో భద్రంగా ఉందని మూడు ఉత్తరాల్లో రాశాను. లేదు. రాహుకాలం సేవను రెండు రోజుల కోసమని దానిలో పెట్టాను, ఎనిమిది నెలలైంది. ఇన్వర్టరు ప్లగ్గు వంటింట్లోనే ఉన్నందున అది మిక్సీ పక్కన కాపురముంటోంది. దాని బ్యాటరీ ఎన్నడో చచ్చింది. నిన్న అమ్మ దాని వైరు పీకి మిక్సీ తగిలించగానే అక్కడ మండీ ఆగింది. కీబోర్డులోకి కొంత కొబ్బరి చట్నీ కూడా ప్రవేశించింది.

నిన్న మధ్యాహ్నమంతా ఏది దేన్ని అడుగుతుందో పెద్ద కాగితం మీద బాణాలు గీశాను. అన్నీ మన వంటింటికే చేరాయి. వెంటనే ఏడాది రాహుకాలాల పట్టీని ఒక్కో సేవకు విడిగా అందజేశాను. ఇక మూడు సెకన్లు చూసి, జవాబు రాకుంటే ఆ పట్టీ ప్రకారం సాగిపోతాయి.

ఈ ఉదయం తొమ్మిదికి, యజమాని ఎదుటే అమ్మకు ఫోను చేసి వైరు పీకమన్నాను.

“నిన్న పీకినానని తిడితివి, ఈ పొద్దు పీకమంటావు. ఒక మాట మీద నిలబడప్పా,” అన్నది అమ్మ, పీకుతూనే.

టోకెన్లు వచ్చాయి, పవిత్రా! తూకం నడిచింది. సరిగ్గా పదిన్నరకు, ఎవరూ జవాబివ్వకుండానే, వేలం తనంతట తాను ఆగింది. శ్రీకంఠయ్యగారు గడియారం చూసుకుని, చీటీల పుస్తకాన్ని కింద వేసుకుని దానిమీద కూర్చున్నారు.

“ఆ పట్టీ గూడా పోతే?” అన్నారు.

అందుకుగాను మేమిద్దరం సంతకాలు చేసి మండీ గోడ మీద రాయించిన నిబంధన ఇది: తన రాకను మూడు సెకన్లలోగా ధ్రువీకరించని రాహుకాలం ఆ రోజు రానట్లే పరిగణించబడును. ఇదే అంతిమం. రాహువుకు అప్పీలు లేదు.

ఇట్లు,
నీ భర్త,
పురుషోత్తమ్