పిక్కిలి బావిలోకి దించిన లాంతరు

కొచ్చి,
ఆడి నెల, మొదటి సోమవారం.

పూజ్యురాలైన సరోజక్కకు తమ్ముడు మునిరత్నం పాదాలకు మొక్కి రాసుకునేది.

నేను బాగానే ఉన్నాను. నువ్వూ పాపా ఎలా ఉన్నారని అడగడానికి సిగ్గుగా ఉంది. అయినా అడక్కుండా ఉత్తరం మొదలుపెట్టడం మనకు తాత నేర్పలేదు. వేళకు తింటున్నావా? ఏడ్చి ఏడ్చి పస్తులు పడుకోవద్దు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ ఇప్పుడు చదివేది నువ్వొక్కదానివే కదా, అందుకని దాచకుండా రాస్తున్నాను.

ఇక్కడ నెల రోజులుగా వాన. ఉతికిన బట్ట ఆరదు. లావు ఎర్రబియ్యం అన్నం, అన్నిట్లోనూ కొబ్బరినూనె. రాగిసంగటి మీదికి పోతోంది ప్రాణం. వీధిలో ఒక్కరికీ తెలుగు రాదు. కోపమొస్తే నన్ను నేనే తిట్టుకోవాలి. ఈమధ్య ఆ పనికేం కొదవ లేదులే.

నా చదువేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇక్కడ సముద్రం ఊళ్ళలోకి చొచ్చుకొచ్చిన చోట కొబ్బరి డొక్కలు నెలల తరబడి నానబెట్టి పీచు తీస్తారు. డొక్కలు కుళ్ళి నీళ్ళలోని ప్రాణవాయువును తినేస్తాయి. అడుగు మన్ను నల్లబడి కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఆ మన్నులో ఆల్చిప్పలు, పురుగులు ఎన్నాళ్ళు బతుకుతాయో చూడడమే నా పని. పడవలో పోయి ఇనప తొట్టితో మన్ను తోడుతాను, జల్లెడ పట్టి బతికినవీ చచ్చినవీ వేరు చేస్తాను. వానాకాలం వచ్చాక అన్నీ చచ్చినవే.

డొక్కలు తోడే కుట్టన్ అనే ముసలాయన మొదటి ఏడే నాకో మాట చెప్పాడు. కంపు కొడితే జాగ్రత్తగా ఉండు, ఉన్నట్టుండి కంపు తెలియకుండా పోయిందంటే మాత్రం పరుగెత్తి గట్టెక్కు, అప్పటికే నీ ముక్కు చచ్చిపోయినట్టు అన్నాడు. నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ విషవాయువుకు మనిషి పడిపోతాడు గానీ దీపం ఆరదని పుస్తకాల్లోనూ చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను, అక్కా.

బావ నాకు రాసింది సరిగ్గా దాని గురించే. ఏళ్ళ తరబడి జనుము నానబెట్టిన పాత బావి పూడిక తీయాలనుకుంటున్నాం, కుళ్ళిన గుడ్డు కంపు కొడుతోంది, నువ్వు ఆ మన్ను చదువే చదువుతున్నావు కదా, దిగొచ్చునా అని అడిగాడు. ఆవేళ నాకు పడవకు టైమైపోతోంది. గుమ్మంలో నిలబడే కార్డు గీకాను. లాంతరు దించి చూడండి, ఆరకపోతే దిగవచ్చు అని. బావ అడిగింది బురద మాట. నేను చెప్పింది మన ఊళ్ళో గొడ్లు కాసేవాడికి కూడా తెలిసిన మాట. ఆ మాటకు నేనెందుకు, నా చదువెందుకు?

లాంతరు ఆరలేదు. బావ దిగాడు. పైన మోకు పట్టుకున్న మీ మరిది గోవిందు నాతో చెప్పి ఏడ్చాడు. గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచాక బావ కిందినుంచి, "ఇప్పుడు కంపు లేదురా" అని అరిచాడట. అదే ఆఖరి మాట.

తంతి అందుకుని మీ పిక్కిలికి వస్తూ, ధర్మపురిలో బస్సు మారేసరికే నాకంతా అర్థమైంది. పదకొండో రోజు మీ అత్త నా కార్డు పట్టుకుని అందరి ముందూ అడిగింది గుర్తుందా?

"ఏమప్పా, ఇది నువ్వు రాసిందే కదా? లాంతరు ఆరలేదు. ఇంక గాలిలో తప్పు లేనట్టే కదా?"

"తప్పు లేదమ్మా" అన్నాను. అంతమంది నన్ను చదివినవాడని చూస్తుంటే నిజం చెప్పలేకపోయాను. అప్పుడామె నీ వైపు తిరిగింది. బయట ఉన్న మూడు రోజుల్లో బావకు సంగటి తీసుకుని బావి దగ్గరికి పోయినావనీ, గంగమ్మకు కోపం తెప్పించినావనీ అంది. నేను కాఫీ తాగి, చెప్పులేసుకుని బస్సెక్కాను. నా అంత పిరికివాడు మన వంశంలో పుట్టలేదు.

ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. కొట్టంలో పడుకోబెట్టినారనీ, ఏ బావీ ముట్టనీయడం లేదనీ రాశావు. అది చదివి ఓర్చుకున్నాను. "అంతా నా పాపమే తమ్ముడా, చదివినోడివి నువ్వు తప్పు రాస్తావా?" అన్నావు చూడు, అది ఓర్చుకోలేకపోయాను.

తప్పే రాశాను అక్కా. నీకే పాపమూ లేదు. గంగమ్మకే కోపమూ లేదు. బావను చంపింది ఆ నల్లబురద, దాంట్లోకి దించింది నేను.

ఇంకో సంగతి నన్ను కూర్చోనీయడం లేదు. శాంతి చేయించినాం, ఇంక భయం లేదు, ఆడి పద్దెనిమిది పండగ పోయినాక గోవిందు దిగి పూడిక తీస్తాడు, వాడు అంతవరకూ ఆగేట్టు కూడా లేడని రాశావు. లాంతరు మళ్ళీ వెలుగుతూనే ఉంటుంది. పొద్దున్నే వాడికి దిగొద్దని తంతి కొట్టాను. కార్డు నమ్మినవాళ్ళు తంతి నమ్ముతారో లేదో. శనివారం బండికి వస్తున్నాను. మీ వాకిట్లో అందరినీ పిలిచి నా తప్పు నేనే చెబుతాను. ఉమ్మేస్తే ఉమ్మేయనీ.

అమ్మకూ నాయనకూ మొక్కులు. పాపకు ముద్దులు. మీ అత్తకు నమస్కారాలని రాయడం మర్యాద గనక రాశాను. నన్ను దీవించమని ఈసారి అడగను.

నేను వచ్చేలోగా గోవిందు మోకు తీశాడంటే, నువ్వు పోయి ఆ బావి ముట్టుకో. గట్టు మీద కూర్చో. మైలపడిందని శాంతి చేసేదాకా ఎవరూ దిగరు. శాంతి చేస్తే మళ్ళీ పోయి ముట్టుకో. తిడతారు, కొట్టినా కొడతారు. నా తప్పుకు మళ్ళీ నిన్నే పడమంటున్నాను. వాళ్ళు నా చదువు మాట వినకపోయినా, నీ మైలకు భయపడతారు అక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు
మునిరత్నం