బావురు పిల్లిని పిలవకూడదు

ఏప్రిల్ 29

సమ్మర్ ఇంటర్న్‌షిప్ మొదటి రోజు. బీఎస్సీ జువాలజీ సెకండియర్ అయ్యాక రెండు నెలలు ఎక్కడో ఒకచోట పనిచేసి సర్టిఫికెట్ తేవాలి. క్లాసులో సగం మంది కంప్యూటర్ సెంటర్లలో చేరి ఏసీలో కూర్చున్నారు. నేను జంతువులంటే ఇష్టమని రాసిచ్చాను. ఇష్టమని రాసే ముందు మనిషి కాస్త ఆలోచించుకోవాలి.

మంగినపూడి నుంచి ఆటోలో బందరు. బందరులో బస్సెక్కి చల్లపల్లి రోడ్డులో దిగితే ఈ చిన్న జూ. దుప్పులు, నెమళ్ళు, రెండు మొసళ్ళు, దెబ్బలు తగిలి వచ్చిన కొంగలు. ఈరోజు దుప్పుల ఎన్‌క్లోజర్ ఊడ్చాను. తిరిగి చూస్తే ఊడ్చినట్టు లేదు. మళ్ళీ ఊడ్చాను. నడుం పోయింది.

మే 2

నాతోపాటు చేరిన ప్రసన్నలక్ష్మి మానేసింది. గుడివాడ నుంచి రోజూ రావడం తన వల్ల కాదట, ఎండకి ముక్కులోంచి రక్తం వచ్చిందట. తన పనులన్నీ నాకే వచ్చాయి. ఇదేం న్యాయం అని కీపర్ కొండలరావు మావయ్యని అడిగితే, ఉన్నోళ్ళే గదమ్మాయ్ చెయ్యాలి, లేనోళ్ళెట్టా చేస్తారు అన్నాడు.

మే 5

ప్రసన్నలక్ష్మి పనుల్లో అసలైంది బావురు పిల్లి. గుడివాడ దగ్గర చేపల చెరువు గట్టుని జేసీబీతో తవ్వుతుంటే కళ్ళు తెరవని కూనగా దొరికిందట. ఇప్పుడు పది నెలలు. మామూలు పిల్లికి రెండింతలుంది. బూడిదరంగు ఒంటి మీద నల్ల చుక్కలు, పొట్టి తోక. నీళ్ళంటే భయం లేదు, తలకాయ ముంచి మరీ చేపని పట్టేస్తుంది. వచ్చే నెల దీన్ని దివిసీమ మడ అడవిలో వదిలేస్తారు.

జూ డాక్టర్ కృపానందం గారు నన్ను కూర్చోబెట్టి మరీ రూల్స్ చెప్పారు. దానికి పేరు పెట్టకూడదు. ముట్టుకోకూడదు. దాని దగ్గర నోరు విప్పకూడదు. మనిషి గొంతు వినబడితే తిండి వస్తుందని దానికి తెలిసిందంటే ఇక అడవికి పనికిరాదట. బతికున్న జిలేబీ చేపల్ని తొట్టిలో వదిలి, తెర వెనక కూర్చుని, అది తిన్న టైము చార్టులో రాయాలి. ఓస్ ఇంతేనా అనుకున్నాను.

మే 9, ఉదయం 4.50

అలారం ఆపి ఇది రాస్తున్నాను. లేవకుండా ఉండటానికి రాస్తున్నాను.

మే 12

అది తినదు. తెర వెనక నేనున్నానని దానికి తెలుసు. బోనులో దాని చెక్కపెట్టె వెనక పడుకుని చెవులు కదుపుతూ ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకి చేపలు వదిలితే ఆరున్నరకి బయటికి వచ్చింది. ఆరింటి బస్సు పోయింది. తర్వాతది ఏడుంపావుకి, అదీ వస్తే. నాలుగు రోజులుగా ఇదే వరస. ఈరోజు కంచం ముందే నిద్రపోయాను. అమ్మ లేపి, ఏమే, జంతువుల్ని నువ్వు చూస్తున్నావా, అవే నిన్ను చూస్తున్నాయా అంది.

మే 14

తప్పు చేశాను.

కావాలని చేయలేదు. చేపల బేసిన్ నడుం మీద పెట్టుకుని వెళ్ళాను. ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి. బేసిన్ కిందికి దించుతుంటే నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. చేపలమ్మో, చేపలూ. అమ్మ ముప్పై ఏళ్ళుగా బందరు వీధుల్లో గంప దించుతూ పిలిచే పిలుపు అది. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మ వెనక తిరుగుతూ నేనూ పిలిచేదాన్ని. మా పల్లెపాలెంలో ఏ ఆడపిల్ల చేతికి చేపలిచ్చి దించమన్నా నోరు ఊరుకోదు.

బావురు పిల్లి వచ్చింది. ఐదు నిమిషాల్లో వచ్చి తినేసింది. నాకు ఆరింటి బస్సు దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా.

మే 15

ఈరోజు కావాలనే పిలిచాను.

మే 19

రోజూ పిలుస్తున్నాను. కొండలరావు మావయ్య మొసళ్ళ వైపు వెళ్ళాక, మెల్లగా. బేసిన్ దించే లోపే వచ్చి తొట్టి పక్కన కూర్చుంటోంది. డాక్టర్ గారు చార్టు చూసి, దీనికి భయం పోయిందే, బాగా తింటోంది, నీ పని బాగుందమ్మా సాయిదుర్గా అన్నారు. సిగ్గేసింది. కానీ ఐదు రోజులుగా ఎనిమిది లోపు ఇంట్లో ఉంటున్నాను. సిగ్గు కంటే నిద్రే ఎక్కువైపోయింది నాకు.

మే 23

పొద్దున పదింటప్పుడు రోడ్డు మీద ఎవరో ఆవిడ చేపలమ్ముకుంటూ వెళ్ళింది. పిలుపు వినబడగానే బావురు పిల్లి నిద్రలోంచి లేచి మెష్ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ గొంతు దూరమయ్యేదాకా అక్కడే నిలబడింది. మావయ్య చూసి, వాసన పట్టేసింది దొంగది అని నవ్వాడు.

నా గొంతుకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరు పిలిచినా వస్తుంది.

మే 24

జూన్ 8న విడుదల. నాగాయలంక దాటాక పడవలో తీసుకెళ్ళి వదులుతారట. అక్కడ మడ అడవి పక్కనే మాలాంటి వాళ్ళ పాలేలు ఉన్నాయి. రోజూ ఆడవాళ్ళు గంపలెత్తుకుని పిలుస్తూ తిరుగుతారు. ఇది ఎదురెళుతుంది. కోళ్ళ కోసం వచ్చిందనుకుని కర్రలతో కొట్టేస్తారు. పోయినేడు ఎక్కడో ఒకదాన్ని అలాగే చంపేశారని మావయ్యే చెప్పాడు.

చెబితే వదలరు, జీవితాంతం బోనే. చెప్పకపోతే కర్రలు. నా సర్టిఫికెట్ గురించి కూడా ఆలోచించాను. ఇక్కడ అబద్ధమెందుకు.

మే 26

చెప్పేశాను.

డాక్టర్ గారు తిట్టలేదు. తిడితే బాగుండేది. చార్టు తీసి మే 14 నుంచి ఒక్కో లైను మీద వేలు పెట్టి, ఇది పిలిస్తే తిన్నదేనా, మరి ఇది, ఇది అని అడిగారు. అన్నిటికీ అవునండీ అన్నాను.

ఒకే దారి ఉందన్నారు. ఆ పిలుపంటే దానికి భయం పుట్టాలి. పిలవాలి, అది రాగానే రేకు డబ్బా మోగించి బెదరగొట్టాలి. రోజుకి మూడుసార్లు. మేత మాత్రం వేరేచోట, వేరే మనిషి, మాట లేకుండా పెట్టాలి. విడుదల లోపు మారకపోతే పెద్ద జూకి పంపేస్తారు, ఇక బయటికి రాదు. పిలవడం ఎవరండీ అని అడిగాను. అలవాటు చేసిన గొంతే మాన్పించాలమ్మా అన్నారు.

మే 27

పిలిచాను. ఎప్పటిలాగే పరిగెత్తుకొచ్చి తొట్టి పక్కన కూర్చుని తెర వైపు చూసింది. మావయ్య డబ్బా మోగించి కర్రతో మెష్ మీద బాదాడు. అది గాల్లోకి ఎగిరిపడి పెట్టె వెనక దూరింది. మధ్యాహ్నం పిలిస్తే మళ్ళీ వచ్చింది. సాయంత్రం కూడా వచ్చింది. బస్సులో ముఖానికి చున్నీ కట్టుకుని ఏడ్చాను. ఎండకి కట్టుకున్నాననుకుని ఉంటారు.

మే 30

రోహిణీ ఎండ. నీళ్ళ పైపు చేత్తో పట్టుకోలేకపోయాను. అది ఇంకా వస్తూనే ఉంది.

జూన్ 2

సగం దూరం వచ్చి ఆగింది. పొట్ట నేలకానించి, చెవులు వెనక్కి పెట్టి, రావాలో వద్దో తెలియక అక్కడే ఉండిపోయింది. కోపంగా చూస్తే నయం. మావయ్య డబ్బా పక్కన పడేసి, నా వల్ల కావట్లేదమ్మాయ్, కాసేపాగు అన్నాడు. ఇద్దరం టీ తాగాం. కప్పులు కడిగి మళ్ళీ మొదలుపెట్టాం.

జూన్ 4

నా ఒక్క గొంతు చాలదు, చేపలమ్మే మనిషి ఎవరైనా పిలవాలన్నారు డాక్టర్ గారు. అమ్మకి అంతా చెప్పాను. అమ్మ, నా పిలుపుకి బేరాలే రావట్లేదు, నీ పిల్లి వస్తోందా అని నవ్వింది. బేరం మానుకుని నాతో వచ్చింది.

తెర వెనక నిలబడి పిలిచింది. నాలా మెల్లగా కాదు, వీధి చివరిదాకా వినబడేలా. మావయ్య డబ్బా ఎత్తేలోపే, మోగించకుండానే, బావురు పిల్లి ఒంటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని లోపలికి పారిపోయింది. డాక్టర్ గారికి సంతోషం. బస్సెక్కాక అమ్మ, నా పిలుపు విని పారిపోయినోళ్ళని ఇదే మొదటిసారే చూట్టం అంది.

జూన్ 6

మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ బయటికి రాలేదు. డాక్టర్ గారు విడుదల కాగితాల మీద సంతకం పెట్టారు. ఇంటర్న్‌షిప్ రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాయమన్నారు. మార్కులు ఎన్ని వేస్తారో అడగలేదు.

జూన్ 8

వదిలాం. పెట్టె తలుపు తీయగానే వెనక్కి చూడకుండా మడ చెట్లలోకి వెళ్ళిపోయింది.

ఒకసారి పిలిచి చూడమ్మా అన్నారు డాక్టర్ గారు. పిలిచాను. ఆకు కదలలేదు. చాలు, పడవెక్కు అన్నారు.

ఇంకొకసారి పిలిచాను.