నా కొడుకు తానే చదవాల్సిన కాగితం

నేను ఈ వీధి మలుపులో లాండ్రీ నడుపుతున్నదాన్ని. వయసు అరవై నాలుగు, భర్త లేడు. మతి స్థిమితంగా ఉంది, ఒంట్లో షుగరు తప్ప వేరే జబ్బు లేదు. ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరిచేతా రాయించకుండా, నా స్వహస్తాలతో ఈ వీలునామా రాసుకుంటున్నాను. ఇందుకు తొమ్మిది రోజులు పట్టింది. మతి చెడినది తొమ్మిది రోజులు ఒకే పని మీద కూర్చోలేదు కాబట్టి, ఆ వాదన ఎవరూ కోర్టుకు మోసుకెళ్లనక్కరలేదు.

1. ఇంతకుముందు నా వేలిముద్రతో పుట్టిన వీలునామా రద్దు. మూడేళ్ల కిందట నా ఒక్కగానొక్క కొడుకు, "పింఛను కాగితమమ్మా, ఇక్కడ వేలు పెట్టు" అంటే పెట్టాను. ఆ కాగితం తయారుచేయించింది వాడి బావమరిది. పని అయ్యాక దాన్ని దాచను కూడా దాచలేదు. ఇస్త్రీ బల్ల సొరుగులో సబ్బు రసీదులతో పాటు పడేశారు. చదువు రాని నా కళ్లముందున్న కాగితం ఇనప్పెట్టెలో ఉన్నంత భద్రమని వాళ్ల ధీమా.

2. అది బయటపడిన విధం కూడా రాస్తున్నాను, రేపు ఎవరూ కథలు అల్లకుండా. మా ముందుగదిలో వారానికి మూడు సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెబుతారు. చెప్పేది పోస్టాఫీసులో రిటైరైన మేడమ్. పైసా తీసుకోదు, మొహమాటమూ పడదు. బొమ్మల పుస్తకం ముట్టనివ్వదు. "మీ ఇంట్లో ఏ కాగితం ఉంటే అది పట్టుకురండి" అంటుంది. వంతు వచ్చినవాళ్లు లేచి నిలబడి, మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. ఎంత తడబడినా పక్కవాళ్లు అందించకూడదు, మధ్యలో ఆపకూడదు.

నా వంతు రోజున సొరుగులో చేతికందింది పట్టుకెళ్లాను. నలభై నిమిషాలు కూడబలుక్కుంటూ చదివాను. నా తదనంతరం ఇల్లూ లాండ్రీ నా కొడుకు బావమరిదికి సర్వహక్కులతో చెందుతాయని, పదకొండు మంది ముందు నా నోటితో నేనే చాటాను. నియమం నియమమే, ఒక్కరూ నన్ను ఆపలేదు. నేను కూలబడ్డాక మేడమ్, "రెండు దీర్ఘాలు మింగేశారు" అని, వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

3. సదరు బావమరిదికి: ఆ రోజు వాడిన ఇంకు ప్యాడ్, ఉతకడానికి వేసి మూడేళ్లుగా తీసుకెళ్లని తెల్ల చొక్కా. చొక్కా ఉతకలేదు. నా చావు కబురు విని ముందుగా పరిగెత్తుకొచ్చేది అతనే గనక, గుమ్మం దగ్గరే చేతికిచ్చి పంపండి. లోపలికి పిలిచి కుర్చీ వేయనక్కరలేదు.

4. మా ఆడపడుచుకి ఏమీ లేదు. "కాటికి కాళ్లు చాపుకుని అఆలేమిటే" అని వీధి వీధంతా నవ్వేలా అన్నందుకు ఇది. ఆమెకు చదువొచ్చు, కాబట్టి ఈ పేరా ఆమెకు చూపించవచ్చు.

5. ముందుగది, అందులోని బల్లలు, బోర్డు తరగతికి చెందుతాయి. చదువు చెప్పేవాళ్లు ఉన్నంతకాలం ఆ గదికి ఎవరూ తాళం వేయకూడదు.

6. మేడమ్‌కు నా ఆవిరి ఇస్త్రీ పెట్టె. ఇంత తెలివిగల మనిషి నలిగిన బట్టలతో ఎలా తిరుగుతుందో నాకు అర్థం కాదు. ఆమె గది అడగడానికి వచ్చినప్పుడు నాకు చదువొచ్చని అబద్ధమాడాను. తలుపు వారన ఇస్త్రీ చేస్తూ రెండు నెలలు చాటుగా పాఠాలు విన్నాకే లోపలికెళ్లి కూర్చున్నాను. ఆమెకు మొదటిరోజే తెలుసట. నన్ను పిలవలేదు, బోర్డును మాత్రం తలుపు వైపుకు జరిపింది. అది నేను మరిచిపోలేను.

7. ఇక నా కొడుకు సంగతి. తరగతి నుంచి వచ్చి ఆ కాగితమే వాడి చేతికిచ్చి, "ఇదొకసారి చదివిపెట్టరా" అన్నాను. వాడు కనుబొమలు ముడిచి, పైనుంచి వేలు జరుపుకుంటూ వచ్చి, "ఏముందమ్మా, అంతా నా పేరు మీదే ఉందిగా" అన్నాడు. వేలు ఆగింది బావమరిది పేరు మీద. తల్లిని ముంచబోయి తానే మునిగిన దద్దమ్మ. రోజూ మొహానికి పేపరు అడ్డం పెట్టుకోవడం, ఫారం చూడగానే కళ్లజోడు మరిచిపోవడం, రాయాల్సి వస్తే వేలికి కట్టు కట్టుకోవడం, ఈ వేషాలన్నీ నేను నలభై ఏళ్లు వేసినవే. వాడు వేస్తుంటే మాత్రం పోల్చుకోలేకపోయాను. వాడి పిల్లలు అక్కడే ఉన్నారని ఆ పూట నోరు మెదపలేదు.

మేడ, లాండ్రీ వాడికి చెందాలంటే, నేను పోయిన రెండేళ్లలోగా ఈ వీలునామా మొత్తం తరగతిలో నిలబడి వాడే పైకి చదవాలి. అప్పటిదాకా భార్యాపిల్లలతో మేడ మీద ఉండవచ్చు. చదవలేకపోతే అన్నీ తరగతికే. ఇది అమలు జరిపించే బాధ్యత మేడమ్‌ది. ఆమె వాడితో, "మీ అమ్మ నీకో కాగితం రాసింది, వచ్చి చదువుకో" అనాలి. అంతకు మించి ఒక్క ముక్క చెప్పకూడదు. బావమరిది చదివిపెడతానని ఎగబడితే తరిమేయాలి.

8. నాయనా, ఇక్కడిదాకా నువ్వే చదివావంటే ఇల్లు నీదే. పైన తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోను. నువ్వు చేసింది దొంగపని. కానీ ఇంకొకటి ఉంది. రెండో తరగతిలో నిన్ను బడి మాన్పించింది మీ నాన్న అని ఇన్నాళ్లూ చెప్పాను. ఆయన చదవనిద్దామన్నాడు. మాన్పించింది నేను. చదువుకుంటే నన్ను లెక్కచేయవని భయపడి, నీ నెత్తిన బట్టల మూట పెట్టాను. నువ్వు పలక వదలకుండా గుమ్మంలో ఏడుస్తుంటే చూడనట్టు ఉండిపోయాను. నీ ముఖం చూసి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు దీన్ని ఇంకొకరి నోట వినకూడదు. అందుకే చదువుకోమన్నాను.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం.

ఇట్లు,
లాండ్రీ అమ్మ (నా సంతకం)

సాక్షులు (వీరికి ఇందులో ఏమీ రాయలేదు, వీరు ఇది చదవలేదు, నేను సంతకం చేయడం చూశారు):
ఆస్పత్రి ఆయా
స్కూటర్ మెకానిక్